మా కోడలు చూసుకుంటుంది

ఆ రోజు నేను ఇల్లు సర్దకుండా ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు. పెద్దవాళ్ళకి ఇంట్లో సాయం చేసేవాళ్ళని పంపే స్టేట్ ప్రోగ్రాం ఒకటుంది. దానికి అప్లికేషన్ పెట్టాం. మా అత్తయ్య పరిస్థితి చూడటానికి వాళ్ళ మనిషి వస్తోందని తెలియగానే ముందు రోజంతా నిలబడి ఇల్లు తుడిచాను. బాత్‌రూంలో వాసన తెలియకుండా అగరొత్తులు వెలిగించాను. మంచం పక్కన ఉండే కమోడ్ కుర్చీని గరాజ్‌లోకి తోసి పైన దుప్పటి కప్పాను. తడిసిన నైటీల బుట్టని క్లాజెట్‌లో దాచాను. పొద్దున్నే ఆవిడకి తల దువ్వి ముడి వేసి, జరీ అంచు నేత చీర కట్టించాను. ఆ చీర కట్టించడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. వచ్చిన మనిషికి చెప్పాల్సింది ఆ నలభై నిమిషాల సంగతేనని నాకు తట్టలేదు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే మన అవస్థ వాళ్ళ కంట పడకుండా చేసుకోవడమే మనకి తెలిసిన మర్యాద. అవస్థ కంట పడితేనే సాయం దొరికే దేశంలో పాతికేళ్ళుగా ఉంటూ కూడా ఆ సంగతి బుర్రకెక్కించుకోని దద్దమ్మని నేను.

మేముండేది అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్ళో. నేను కంప్యూటర్ చిప్స్ తయారు చేసే ఫ్యాక్టరీలో టెక్నీషియన్ని. తల నుంచి పాదాల దాకా తెల్ల సూట్ తొడుక్కుని దుమ్ము చొరని క్లీన్ రూంలోకి వెళ్ళానంటే ఇక బయటి సంగతి తెలియదు. ఫోన్ లాకర్‌లో ఉంటుంది. మావారిది కన్సల్టింగ్ ఉద్యోగం. సోమవారం ఫ్లైట్ ఎక్కితే గురువారం సాయంత్రానికి ఇల్లు చేరతారు. అత్తయ్య మా రెండో పాప పుట్టినప్పుడు వచ్చి, గ్రీన్ కార్డ్ తీసుకుని, మాతోనే ఉండిపోయారు. తెనాలి దగ్గర ఒక చిన్న ప్రైవేట్ స్కూల్లో చాలా ఏళ్ళు తెలుగు టీచర్‌గా చేశారు. ఇక్కడ నా పిల్లలిద్దరికీ ఆవిడే అన్నం పెట్టారు, ఆవిడే అక్షరాలు నేర్పారు. వాళ్ళు చదువులకి వేరే ఊళ్ళు వెళ్ళిపోయే సమయానికి ఆవిడకి చేతులు వణకడం మొదలైంది. డాక్టర్ పార్కిన్సన్స్ అన్నాడు.

కిందటేడు ఒక పనిదినాన, పొద్దున పదింటికి బాత్‌రూం దారిలో పడిపోయారు. ఫోన్ హాల్లో బల్ల మీద ఉంది. మావారు వేరే ఊళ్ళో ఉన్నారు, నేను క్లీన్ రూంలో ఉన్నాను. సాయంత్రం ఏడింటికి నేను తలుపు తీసేసరికి ఆవిడ నేల మీదే ఉన్నారు. "వచ్చావామ్మా, కాళ్ళు కడుక్కుని కాస్త కాఫీ తాగి రా, తొందరేం లేదు" అన్నారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు మళ్ళీ నడక నేర్పే రీహాబ్ సెంటర్‌లో పెట్టి, ఇక ఇన్సూరెన్స్ ఒప్పుకోదంటూ ఇంటికి పంపించేశారు. అప్పటి నుంచి ఎవరైనా పట్టుకోకుండా ఆవిడ మంచం దిగలేరు. నేను లీవ్ పెట్టాను. ఆ లీవ్ అయిపోతోంది. ఉద్యోగం మానేద్దామంటే మా ఇద్దరి హెల్త్ ఇన్సూరెన్స్ నా ఉద్యోగం మీదే ఉంది, మావారిది కాంట్రాక్ట్. కాబట్టి మాకు కావలసింది ఒక్కటే. నేను పనికి వెళ్ళిన వేళ ఇంట్లో ఒక మనిషి ఉండాలి. లేకపోతే అత్తయ్యని నర్సింగ్ హోమ్‌లో చేర్చాలి.

నర్సింగ్ హోమ్ అన్న మాట కూడా మా ఇంట్లో ఒక అపార్థమే. ఆవిడ ఎరిగిన నర్సింగ్ హోమ్ తెనాలిలో డాక్టరమ్మ నడిపే రెండంతస్తుల ఆసుపత్రి. కాన్పుకో జ్వరానికో వెళ్ళి నాలుగు రోజుల్లో రిక్షాలో తిరిగొచ్చే చోటు. "దానికింత ఆలోచన ఎందుకమ్మా, ఓ వారం నర్సింగ్ హోమ్‌లో ఉండొస్తాలే" అన్నారు ఒకసారి. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే తిరిగి రాని చోటని నేను చెప్పలేదు, మావారూ చెప్పలేదు. ఆ చోటుకి పంపడానికి మాత్రం ఈ ప్రోగ్రాం ఎప్పుడూ సిద్ధమే. అక్కడ పెట్టే ఖర్చులో ఎంతో కొంత ఇంటికి పంపండయ్యా అంటేనే వాళ్ళకి వంద ఫారాలు కావాలి.

వచ్చిన ఆమె నడివయసు మనిషి, నెమ్మదస్తురాలు. ఆమె మీద నాకు కోపం లేదు. గుమ్మంలోనే బూట్లు విప్పింది, అత్తయ్య ముఖం విప్పారింది. సోఫాలో కూర్చుని ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుంది. స్పీకర్ ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని కలిపింది. ఎక్కడి నుంచో ఒక మగ గొంతు పలికింది. ఆమె ఇంగ్లీషులో అడగడం, అతను పుస్తకాల తెలుగులోకి మార్చడం మొదలైంది.

"అమ్మా, మీరు స్నానం స్వతంత్రంగా ఆచరించగలరా?"

"చేసుకుంటానండీ" అన్నారు అత్తయ్య.

చేసుకుంటారు, నిజమే. నేను నడుం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళు పోసి, వీపు రుద్ది, తుడిచి, బట్టలు తొడిగితే చేసుకుంటారు. పక్కనే కొడుకు, ఫోన్‌లో ఎవరో మగాయన. వాళ్ళ ముందు ఆవిడ అంతకంటే ఏం చెబుతారు?

"మలమూత్ర విసర్జనపై మీకు నియంత్రణ ఉన్నదా?"

ఆవిడ గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ, "ఏం ఇబ్బంది లేదండీ" అన్నారు.

నేను ఇంగ్లీషులో అందుకోబోయాను. అసలు సంగతి అది కాదు, రోజూ రెండు మూడు సార్లు బట్టలు మార్చాల్సి వస్తుంది అని. అత్తయ్య నా వైపు ఒక్క చూపు చూశారు. ఆ చూపుకి ఇప్పటికీ నాకు నోరు పెగలదు. వచ్చిన ఆమె కూడా, పెద్దావిడని తన మాటల్లో చెప్పనివ్వండి అని నవ్వుతూ నన్ను ఆపింది. మావారు నేల చూపులు చూస్తూ కూర్చున్నారు.

ఆఖర్న అడిగారు, మీకు సాయం చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని.

"మా కోడలు చూసుకుంటుందండీ. బంగారం లాంటి పిల్ల. సొంత కూతురైనా ఇంతలా చూడదు."

పాతికేళ్ళ కాపురంలో ఆవిడ నా గురించి నా ఎదురుగా ఒక మంచి మాట అనడం అదే మొదలు. నా కూర బాగుందని కూడా ఎప్పుడూ అన్నది లేదు. వేరే వాళ్ళతో అంటారని ఎవరో చెబితే వినడమే తప్ప ఆవిడ నోట నేను వినలేదు. ఇన్నాళ్ళూ రాని ఆ మాట సరిగ్గా రాకూడని రోజున, రాకూడని మనిషి ముందు, టైప్ అవుతున్న ల్యాప్‌టాప్‌లోకి వచ్చిపడింది. నేను మాత్రం పొంగిపోయాను. ఈ సాయం మీరు ఇష్టపూర్వకంగానే చేస్తున్నారా అని ఆమె నన్నడిగితే, "ఆఫ్ కోర్స్" అన్నాను. అంతటితో ఊరుకోకుండా, మా సంస్కృతిలో పెద్దవాళ్ళని మేమే చూసుకుంటాం అని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. దాన్నీ ఆమె టైప్ చేసుకుంది.

వెళ్ళడానికి లేస్తుంటే అత్తయ్య, "ఆడపిల్ల ఇంటికొచ్చింది, బొట్టు పెట్టకుండా ఎలా పంపుతాం?" అని వాకర్ పట్టుకుని లేచారు. మందు వేసుకున్న గంటకి ఆవిడ ఒంట్లో కాస్త పట్టు వస్తుంది. ఆ పట్టుతో, నేను చెయ్యి అందిస్తున్నా వద్దంటూ, దేవుడి అలమర దాకా ఏడెనిమిది అడుగులు వేశారు. రెండు నెలల్లో ఆవిడ అంత దూరం నడవడం నేను చూడలేదు. కుంకుమ పెట్టి, రవికె గుడ్డ చేతిలో ఉంచారు. ఆమె ఎంతో మురిసిపోయింది. ఆ మధ్యాహ్నం నుంచి మర్నాడు సాయంత్రం దాకా అత్తయ్య మంచం మీంచి లేవలేకపోయారు.

కొన్ని వారాలకి ఉత్తరం వచ్చింది. అత్తయ్య స్నానం తనే చేసుకోగలరట. వాకర్ సాయంతో ఇంట్లో తనే నడవగలరట. మిగతా అవసరాలన్నీ కోడలు ఇష్టపూర్వకంగా తీరుస్తోందట. కాబట్టి ఇల్లు శుభ్రానికి వారానికి నాలుగు గంటలు ఇస్తారట. అత్తయ్య నోటి మాటలే ఇంగ్లీష్ సూట్ తొడుక్కుని వచ్చాయి. ఒక్క అబద్ధం లేదు.

కోడలు చేసే పనికి అందులో ఒక పేరు పెట్టారు. నేచురల్ సపోర్ట్. ఆ మాట చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. వాన పడటం నేచురల్, గడ్డి మొలవడం నేచురల్, కోడలు అత్తగారి తడి నైటీ మార్చడం కూడా నేచురల్. లీవ్ అయిపోగానే పన్నెండు గంటల షిఫ్ట్‌కి వెళ్ళాల్సిన మనిషి నడుం నొప్పికి మాత్రం ఆ ఉత్తరంలో చోటు లేదు. ఇంకో సంగతి. అందులో నా పేరు మూడు చోట్ల ఉంది. మావారి పేరు ఒక్కచోట కూడా లేదు. ఆయన ఆ రోజు అదే గదిలో, అదే సోఫాలో, తన తల్లి పక్కనే కూర్చుని ఉన్నారు. స్టేట్ వాళ్ళకి మన సంస్కృతి తెలియదని ఎవరన్నారు? బాగా తెలుసు. ఎక్కడ పనికొస్తుందో అక్కడ మరీ బాగా తెలుసు.

ఉత్తరం చదివి మావారు, "సరేలే, వి విల్ మేనేజ్" అన్నారు.

"వి అంటే ఎవరు?" అన్నాను.

"అదే, నువ్వొక ఏడాది బ్రేక్ తీసుకుంటే..."

"మీరు తీసుకోండి."

"నేను తీసుకున్నా అమ్మకి స్నానం నేను చేయించలేను కదా. అమ్మ ఒప్పుకోదు."

అదీ నిజమే. ఆయన చెడ్డవాడు కాదు. శని ఆదివారాలు వంట ఆయనదే, మందుల డబ్బా సర్దడం ఆయనదే. కానీ ఆయన చేయలేనిదంతా నేను చేయగలిగినదిగా ఎప్పుడు నిర్ణయమైందో నాకు చెప్పినవాళ్ళు లేరు. అప్పీల్ చేసుకోవచ్చని ఉత్తరం కింద చిన్న అక్షరాల్లో ఉంది. నేనే అత్తయ్య చేత సంతకం పెట్టించి పంపాను.

మా స్నేహితురాలి కూతురు లా చదివి, ఉచితంగా సలహాలిచ్చే ఒక ఆఫీస్‌లో పని చేస్తోంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. కాగితాలన్నీ చదివి, వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తూ అంది.

"ఆంటీ, డాక్టర్ లెటర్ ఉంది, మీరు రోజూ రాసిన నోట్స్ ఉంది, అది గుడ్. బట్ జడ్జ్ మీకు ఒక క్వశ్చన్ అడుగుతాడు. మీరు చేస్తారా అని. మీరు కాంట్ అని చెప్పొద్దు. వోంట్ అని చెప్పాలి."

"రెండూ ఒకటే కదమ్మా."

"నో ఆంటీ. కాంట్ అంటే వై అంటారు. మీరు హెల్దీ కదా, మీ బ్యాక్‌కి డాక్టర్ లెటర్ తెండి అంటారు. వోంట్ అంటే ఓవర్. ఫ్యామిలీ హెల్ప్ వాలంటరీ ఉండాలి, అది రూల్. మీకు ఇష్టం లేదు అంటే వాళ్ళు మిమ్మల్ని కౌంట్ చేయకూడదు."

తెలుగులో ఆ తేడా ఒక్క అక్షరం. చూసుకోలేను, చూసుకోను. లేను అన్న మాట మేం రోజుకి పదిసార్లు అంటాం. రాలేను, తినలేను, ఇవ్వలేను. రావడం ఇష్టం లేకపోయినా రాలేననే అంటాం. ఆ ఒక్క 'లే' మీద మా చుట్టరికాలన్నీ నిలబడి ఉన్నాయి. ఆ 'లే' తీసేసి మాట్లాడితేనే హక్కు ఇస్తానంటుంది ఈ రూల్. పెద్దావిడని ప్రేమగా చూసుకునే మనిషికి ఏమీ ఇవ్వరు, చూసుకోనని మొహం మీద చెప్పినదానికి మనిషిని పంపుతారు. ఈ రూల్ రాసినవాళ్ళు ఎవరో గానీ, బలవంతపు చాకిరీ నుంచి నన్ను కాపాడాలనే రాసి ఉంటారు. వాళ్ళ మంచితనం నా నోటితో చెప్పరాని మాట చెప్పించింది.

అత్తయ్యకి ముందే చెబుదామన్నాను. మావారు వద్దన్నారు. "ఎందుకు బాధపెట్టడం? నువ్వెలాగూ ఇంగ్లీష్‌లోనే చెప్తావు. ఫోన్లో ఆ స్పీడ్ అమ్మకి అందదు." నాకూ అదే సులువనిపించింది. ఆవిడ మొహం చూసి చెప్పాల్సిన పని తప్పింది కదా అనుకున్నాను. తప్పు ఆయన ఒక్కరిదే అంటే అన్యాయం.

హియరింగ్ ఫోన్‌లోనే. ఒక బుధవారం పొద్దున డైనింగ్ టేబుల్ మీద ఫోన్ పెట్టి, ఒక పక్క నేను, ఇంకో పక్క ఆ పిల్ల, మధ్యలో అత్తయ్య కూర్చున్నాం. అప్పీల్ ఆవిడ పేరు మీద కాబట్టి ఆవిడ ఉండి తీరాలి. ఈసారి ఇంటర్‌ప్రెటర్ ఒక ఆడమనిషి. చక్కటి తెలుగు, మా పక్క ఊరి మనిషేమో అన్నట్టుంది. ముందు నేను ఆ రోజు దాచినవన్నీ ఒక్కొక్కటే చెప్పాను. కమోడ్ కుర్చీ, తడిసిన నైటీలు, నలభై నిమిషాల చీర, బొట్టు పెట్టాక మంచం పట్టిన ఒకటిన్నర రోజు. ఇంగ్లీషులో చెబుతున్నాను కదా అని ధైర్యంగా చెబుతున్నాను. నేను ఆగగానే ఫోన్‌లోంచి తెలుగు మొదలైంది. "మీ కోడలుగారు చెబుతున్నారండీ, మీరు రోజుకి రెండు మూడుసార్లు బట్టల్లోనే..."

ఈ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టిందే అత్తయ్య కోసం. అక్కడ పలికే ప్రతి ముక్కా ఆవిడకి తెలుగులో వినిపించడం ఆమె ఉద్యోగం. ఇంతమంది చదువుకున్నవాళ్ళం, మావారూ నేనూ, ఆ చిన్న సంగతి ఆలోచించలేదు. ఆ పిల్లకేమో మేం ఆవిడకి చెప్పలేదన్న సంగతే తెలియదు.

అప్పుడే జడ్జి అడిగాడు. ఈ సేవలు ఇకముందు జీతం లేకుండా చేయడానికి మీరు ఇష్టపడుతున్నారా అని. ఆ పిల్ల నా మోచేతి మీద వేలు ఆనించింది. కావాలంటే ఆగిపోవచ్చు. కాంట్ అనొచ్చు. ఆగితే లీవ్ అయిపోయిన మర్నాడు పొద్దున ఆవిడ మళ్ళీ ఆ నేల మీదే. నేను అత్తయ్య వైపు చూడకుండా, "ఐ యామ్ నాట్ విల్లింగ్" అన్నాను.

ఫోన్‌లో ఆమె గొంతు సవరించుకుంది. పాపం, ఆమెకీ కష్టంగానే ఉన్నట్టుంది. "మీ కోడలుగారు, మిమ్మల్ని చూసుకోవడం తనకి ఇష్టం లేదంటున్నారండీ."

అత్తయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వణుకు మామూలుగానే ఉంది. మీరేమైనా చెప్పదలుచుకున్నారా అని జడ్జి అడిగితే, "ఏం లేదండీ. మా కోడలు చెప్పింది నిజమేనండీ" అన్నారు. ఆ ఒక్క మాటతో కేసు గట్టిపడిందని ఆ పిల్ల తర్వాత సంతోషంగా చెప్పింది.

ఫోన్ పెట్టేశాక ఆవిడ పక్కన కూర్చుని, అది రూల్ కోసం అన్న మాట అత్తయ్యా, అలా అంటేనే మనిషిని పంపుతారట, నా మనసులోది కాదు అన్నాను. "తెలుసమ్మా, ఆ మాత్రం అర్థం కాదా" అన్నారు. మధ్యాహ్నం మళ్ళీ చెప్పాను. గురువారం మావారు వచ్చాక ఆయన ముందు మూడోసారి చెప్పాను. "పోనీలే, పని జరిగింది కదా" అన్నారు. కోపం లేదు, అలక లేదు. అలిగినా బాగుండేది.

రోజుకి ఆరు గంటలు, వారానికి ఐదు రోజులు మంజూరయ్యాయి. స్పానిష్ మాట్లాడే ఒక అమ్మాయి రావడం మొదలుపెట్టింది. చేతిలో ఒడుపున్న పిల్ల. నాకంటే సున్నితంగా స్నానం చేయిస్తుంది, ఒప్పుకుంటాను. ఆ అమ్మాయికి అత్తయ్య నీళ్ళు, అన్నం, మెల్లగా అన్న మాటలు నేర్పారు. మిగతా వేళకి మా డబ్బుతో ఆ అమ్మాయినే ఉంచుకుని, నేను మళ్ళీ షిఫ్ట్‌లకి వెళ్ళాను. అందరూ అభినందించారు. సిస్టంతో పోరాడి గెలిచావు అన్నారు.

ఇంతలో అత్తయ్య నన్ను పిలవడం మానేశారు. మొదట నేను గమనించలేదు. సాయంత్రం తల దువ్వనా అంటే, "పొద్దున ఆ అమ్మాయి దువ్విందిగా" అనేవారు. మంచినీళ్ళు కావాలా అంటే వద్దనేవారు. తర్వాత తెలిసింది, సాయంత్రాలు నీళ్ళు తాగడమే తగ్గించేశారని. నీళ్ళు తాగితే లేవాలి, లేవాలంటే నన్ను పిలవాలి.

ఒక ఆదివారం పొద్దున మావారు కూరలకి వెళ్ళారు. కాఫీ తీసుకుని ఆవిడ గదిలోకి వెళ్ళాను. మంచం అంచున కూర్చుని ఉన్నారు. నైటీ నడుం నుంచి కింద దాకా తడిసి, చల్లారి, ఒంటికి అంటుకుపోయింది. పక్క మీద మరక అంచులు ఆరిపోయి ఉన్నాయి. ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో.

"పిలవచ్చు కదా అత్తయ్యా."

"ఇవాళ ఆదివారం కదమ్మా. రేపు ఎనిమిదింటికి వస్తుందిగా."

"రేపటి దాకా ఇలాగే కూర్చుంటారా? నేను లేనా ఇంట్లో?"

నాకు కోపం తన్నుకొచ్చింది. ఆవిడ మీదో నా మీదో తెలియదు. కాఫీ బల్ల మీద పెట్టి నైటీ అంచు అందుకోబోతే, ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. ఆ వణికే చేతుల్లో అంత బలం ఉందని అనుకోలేదు.

"నువ్వు ఇష్టం లేదన్నావు కదమ్మా. తప్పని నేనట్లేదు. మా అత్తగారు తొమ్మిదేళ్ళు మంచంలో ఉన్నారు. నేనే చేశాను. నాకూ ఇష్టం ఉండేది కాదు. మాకు అనే వీలు లేదు, అంతే. నువ్వు అనగలిగావు. నాకది బాగానే ఉంది. ఇష్టం లేదని తెలిశాక చేయించుకోవడమే నా వల్ల కావట్లేదు."

అది రూల్ కోసం అన్నాను అని నాలుగోసారి చెప్పబోయి ఆగాను. ఆవిడ పాతికేళ్ళు పిల్లల చేత తెలుగు చదివించిన మనిషి, ఏ మాట ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు. కాసేపటికి ఆవిడ చేతులు అలిసి నైటీ వదిలేశాయి. గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి తుడిచాను, బట్టలు మార్చాను, దుప్పట్లు వాషర్‌లో వేశాను.

ఆ రూల్ నా చేత అబద్ధం ఆడించిందని అందరితో చెబుతూ ఉంటాను. పార్టీల్లో చెబుతాను, ఆఫీస్‌లో చెబుతాను, మా పిల్లలకి ఫోన్‌లో చెబుతాను. అది అబద్ధమని అత్తయ్యతో మాత్రం మళ్ళీ చెప్పలేదు.